ఒకే మడి, మూడు వలసలు

నాట్ల కాలంలో పెగడపల్లి మండలంలోని ఏ వూరి పొలాల్లోకి దిగి చూసినా ఒక సంగతి కనబడుతుంది. మడిలో వంగి నాటు వేస్తున్నవాళ్ళు బీహారు నుంచో, వుత్తరప్రదేశ్ నుంచో ముఠాగా వచ్చిన కూలీలు. గట్టు మీద నిలబడి నారుకట్టలు విసురుతున్నవాడు కౌలుదారు. అతని కొడుకు దుబాయిలోనో, సౌదీలోనో వున్నాడు. ఇక భూమి పట్టా ఎవరి పేర వున్నదో ఆ ఆసామి హైదరాబాదులో వుంటాడు. వారి పిల్లలు అమెరికాలో వుంటారు. మడి ఒక్కటే. దాన్ని నమ్ముకున్న కుటుంబాలు మూడు. మూడూ వలస కుటుంబాలే.

"మనవాళ్ళు ప్రపంచమంతా వున్నారు" అని సభల్లో గొప్పగా చెబుతుంటారు. "వలసతో వూళ్ళు పాడుబడినవి" అని మరికొందరు బాధపడుతుంటారు. రెండు మాటల్లోనూ కొంత నిజం లేకపోలేదు. కాని ఎవరి వలస, ఏ వలస అన్న ప్రశ్న వేయకుండా మాట్లాడితే అసలు సంగతి మరుగున పడుతుంది. విమానం ఎక్కినవాళ్ళందరూ ఒక్కటి కారు. ఈ తేడాను కొలవడానికి మేము ఒక చిన్న కొలబద్ద పెట్టుకున్నాము. వలస పోయినవాడు ఆలుబిడ్డలను వెంట తీసుకుపోగలడా, లేదా? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు వెతికితే భూమి సంగతి, అప్పు సంగతి, చట్టం సంగతి అన్నీ బయటపడతాయి.

ఎవరు, ఎందుకు కదిలారు?

"బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి" అనే మాట మన ప్రాంతంలో తెలియనివారు లేరు. సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల ప్రాంతాల నుంచి పద్మశాలీలు, కూలీలు బొంబాయి మిల్లులకూ, భివండీ మరమగ్గాలకూ పోవడం చాలా పాత సంగతి. 1982లో బొంబాయి బట్టల మిల్లుల సమ్మె దెబ్బతిన్న తర్వాత ఆ తోవ ఇరుకైపోయింది. 1973లో చమురు ధరలు పెరిగి గల్ఫు దేశాల్లో కట్టడాలు మొదలైనప్పటి నుంచే మరో తోవ తెరుచుకొని వున్నది.

అయితే మన తాలూకాల్లో దీని వెనుక ఇంకో చరిత్ర కూడా వున్నది. 1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. వెట్టి పోవాలని, కూలి రేట్లు, పాలేర్ల జీతాలు పెరగాలని, బంజరు భూములు పేదలకు దక్కాలని రైతు కూలీలు వేల సంఖ్యలో కదిలారు. ప్రభుత్వం ఇచ్చిన జవాబు ఏమిటి? మరుసటి నెలలోనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. వూళ్ళలో పోలీసు క్యాంపులు వెలిసినవి, కేసులు పడ్డవి.

ఆ సంవత్సరాల్లో రెండు రకాల ప్రయాణాలు మొదలైనవి. దొరలు గడీలు వదిలి కరీంనగరుకు, హైదరాబాదుకు చేరారు. భూమిని కొంత అమ్మారు, కొంత కౌలుకిచ్చారు. ఆ డబ్బుతో పిల్లలను డాక్టర్లుగా, ఇంజనీర్లుగా చదివించారు. కేసులకూ, కరువుకూ జడిసిన కూలీ, చిన్న రైతు పాస్‌పోర్టు తీసుకొని గల్ఫు దారి పట్టారు. ఒకరు ఆస్తిని పట్నానికి తరలించారు, రెండోవారు తమ వొంటిని ఎడారికి తరలించారు. వారి పిల్లల బతుకుల తేడాకు విత్తనం అక్కడే పడింది.

అమెరికా తలుపు కూడా అందరికీ ఒకేలా తెరుచుకోలేదు. 1965లో అక్కడ వచ్చిన వలస చట్టం చదువుకున్నవారికీ, అక్కడ స్థిరపడినవారి రక్త సంబంధీకులకూ చోటిచ్చింది. 1990 చట్టంతో హెచ్-1బి వీసా వచ్చింది. అంటే డిగ్రీ వున్నవానికి దారి. ఒకడు స్థిరపడితే అతని వెనుక ఇంటిల్లిపాదికీ దారి. డిగ్రీ ఎవరి ఇంట్లో వుండింది? ఎవరి ఇంట్లో తిండికీ, చదువుకూ సరిపడా భూమి వుండిందో ఆ ఇంట్లోనే.

ప్రయాణానికి పెట్టుబడి

రెండిళ్ళను తీసుకుందాము. పేర్లు అక్కరలేదు, నందగిరిలోనైనా, నంచర్లలోనైనా, ఏ వూళ్ళోనైనా ఇలాంటి ఇళ్ళు వుంటాయి.

మొదటి ఇంట్లో 20 ఎకరాలు వున్నవి, హైదరాబాదులో ఇల్లు వుంది. కొడుకు బీటెక్ చదివాడు. అమెరికా చదువుకు బ్యాంకు ఆస్తి తనఖా మీద లక్షల రూపాయలు అప్పిస్తుంది. చదువు పూర్తి అయ్యేదాకా అసలు కట్టనక్కరలేదు. కట్టే వడ్డీకి ఆదాయపు పన్ను చట్టం కింద 8 సంవత్సరాలపాటు రాయితీ కూడా వుంది. అంటే ఈ కొడుకు విదేశం పోవడానికి సర్కారు తన ఖజానా నుంచి ఒక చేయి వేస్తున్నదన్నమాట.

రెండో ఇంట్లో ఎకరం పది గుంటలు వున్నవి. కొడుకు పదో తరగతి తప్పాడు. సబ్ ఏజెంటు "వీసా వచ్చింది, లక్షన్నర తెమ్మ"న్నాడు. గల్ఫు కూలీకి వీసా ఖర్చుకని బ్యాంకు అప్పు ఇవ్వదు. షావుకారు ఇస్తాడు, వందకు నెలకు మూడు రూపాయల వడ్డీ. లక్షన్నరకు నెలకు 4,500; ఏడాదికి 54,000. రెండేళ్ళ ఒప్పందం పూర్తి అయ్యేసరికి వడ్డీ ఒక్కటే 1,08,000. పుస్తెలతాడు కుదువ, మహిళా సంఘం అప్పు దీనికి అదనం.

చట్టం ఏమంటున్నది? రిజిస్టరు అయిన ఏజెంటు 30,000 రూపాయలు, దాని మీద పన్ను కలిపి 35,400 మించి తీసుకోరాదు. సబ్ ఏజెంట్లనేవాళ్ళు చట్టం ప్రకారం అసలు వుండనే రాదు. కాని కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల బస్టాండుల దగ్గర ఎవరినడిగినా ఏజెంటు ఇల్లు చూపిస్తారు. చట్టం హైదరాబాదు, ఢిల్లీ కార్యాలయాల్లో వుంటుంది. సబ్ ఏజెంటు మాత్రం వూళ్ళోనే వుంటాడు. ఆ మధ్యలో వున్న దూరమే వాని వ్యాపారం.

పాస్‌పోర్టులోనే వర్గం

1922 నాటి బ్రిటిషు చట్టం స్థానే 1983లో వలసల చట్టం వచ్చింది. దాని ప్రకారం పదో తరగతి పాసు కానివారు గల్ఫు దేశాలతో సహా 18 దేశాలకు పనికి పోవాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయం నుంచి అనుమతి పొందాలి. పది పాసైనవారికి అక్కరలేదు. ఆదాయపు పన్ను కట్టేవారికి కూడా అక్కరలేదు. పన్ను కట్టేటంత ఆదాయం వుంటే సర్కారు రక్షణ అవసరం లేదని దాని భావం కాబోలు!

బలహీనుణ్ణి కాపాడే చట్టం వుండడం తప్పని మేము అనడం లేదు. కాపాడుతున్నదా లేదా అన్నదే మా ప్రశ్న. ఏజెంట్లు ఈ అనుమతి బెడద లేకుండా విజిట్ వీసా మీద మనిషిని విమానం ఎక్కిస్తారు. అక్కడికి పోయాక పని వీసాగా మారుస్తామంటారు. అలా పోయినవానికి ఒప్పందం లేదు, బీమా లేదు, ఏ దఫ్తరులోనూ పేరు లేదు. పని దొరకకపోయినా, కఫీల్ జీతం ఇవ్వకపోయినా వాడు "ఖల్లివెల్లి" అయిపోతాడు. అంటే కాగితాలు లేనివాడు. మోసం చేసినవాడు వూళ్ళో తిరుగుతుంటే, మోసపోయినవాడు అక్కడ నేరస్తుడవుతాడు.

2018 జనవరిలో కేంద్ర ప్రభుత్వానికి మరో ఆలోచన వచ్చింది. అనుమతి అవసరమైనవారి పాస్‌పోర్టుకు నారింజ రంగు అట్ట వేస్తామని ప్రకటించింది. మనిషి చదువూ, పేదరికమూ దూరం నుంచే కనబడేటట్టు ముద్ర వేయడం అన్నమాట. దేశమంతటా నిరసన రాగా, ఆ నెలాఖరులోనే వెనక్కు తీసుకున్నది. అట్ట రంగు మారలేదు గాని విమానాశ్రయంలో చూపు మారిందా?

ఇంకొకటి. 2020 సెప్టెంబరులో, కరోనా దెబ్బకు కూలీలు విలవిలలాడుతున్న సమయంలో, గల్ఫు దేశాల్లో భారత కార్మికులకు ఇవ్వవలసిన కనీస వేతనాలను 30 నుంచి 50 శాతం దాకా తగ్గిస్తూ కేంద్రం సర్క్యులర్లు జారీ చేసింది. గల్ఫు కార్మిక సంఘాల వారు ఆందోళన చేసి, తెలంగాణ హైకోర్టు దాకా పోయి పోరాడితే 2021లో వాటిని రద్దు చేశారు. అమెరికాలోని మన ఇంజనీరు జీతం తగ్గించమని ఢిల్లీ ఎన్నడైనా లేఖ రాసిందా?

ఆలుబిడ్డలకు కట్టిన ధర

ఇక మా కొలబద్ద దగ్గరికి వద్దాము. భార్యాబిడ్డలతో కలిసి బతకడం మనిషికి హక్కు అని అందరూ ఒప్పుకుంటారు. ఆచరణలో ఆ హక్కుకు ఒక్కో దేశం ఒక్కో ధర కట్టింది.

కువైట్‌లో 2024 జనవరిలో కుటుంబ వీసాలు తిరిగి మొదలు పెట్టినప్పుడు జీతం 800 దీనార్లు వుండాలని, డిగ్రీ కూడా వుండాలని షరతు పెట్టారు. అదే దేశంలో 2017లో నిర్ణయించిన కనీస వేతనం 75 దీనార్లు. ఇళ్ళలో పనిచేసేవారికైతే 60 దీనార్లు. కనీస వేతనానికి పది రెట్లు దాటితే గాని భార్య మొహం చూసే యోగ్యత రాదన్నమాట. యు.ఏ.ఇ.లో 2019 నుంచి 4,000 దిర్హాములు, లేదా 3,000 దిర్హాములు మరియు వసతి వుండాలన్నారు. సౌదీలో 2017 జూలై నుంచి వెంట వున్న ఒక్కొక్క మనిషికి నెలకు 100 రియాళ్ళ చొప్పున రుసుము పెట్టి, ఏటేటా పెంచి, 2020 నాటికి 400 చేశారు. భార్య, ఇద్దరు పిల్లలు వుంటే నెలకు 1,200 రియాళ్ళు రుసుము కిందనే పోవాలి. 2021 మార్చిలో కతార్ అమల్లోకి తెచ్చిన కనీస వేతనం ఎంత? 1,000 రియాళ్ళు. ఒక దేశంలో కూలీ నెలంతా పనిచేసి సంపాదించే దాని కంటె, పక్క దేశంలో పెండ్లాం పిల్లల్ని దగ్గర వుంచుకోవడానికి కట్టే పన్ను ఎక్కువ!

కాబట్టి క్యాంపు గదిలో పది మంది మధ్య ఒక మంచం, రెండేళ్ళకోసారి సెలవు. బిడ్డ పుట్టినప్పుడు లేడు, బడిలో వేసినప్పుడు లేడు, అమ్మ చచ్చినప్పుడు లేడు. ముప్పై ఏండ్లు గల్ఫులో చేసినవాణ్ణి లెక్కపెట్టమంటే, భార్యతో కలిసి వున్న రోజులు అన్నీ కలిపి మూడేండ్లు దాటవు.

ఇక్కడ వున్న భార్య ఏం చేస్తున్నది? పొద్దున పొలం పని, మధ్యాహ్నం నుంచి చాటలో ఆకు, తంబాకు పెట్టుకొని బీడీలు. అత్తమామల మందులు, పిల్లల ఫీజులు, షావుకారి వడ్డీ అన్నీ ఆమె మీదనే. పట్టా మామ పేర వుంటుంది, ప్రామిసరీ నోటు మీద సంతకం మాత్రం ఆమెది. గల్ఫు నుంచి వచ్చిన డబ్బు గురించి అందరూ మాట్లాడుతారు. ఆ డబ్బు రాని నెలల్లో ఇల్లు గడిపిన బీడీల గురించి ఎవరూ మాట్లాడరు.

సిరిసిల్ల ప్రాంతం నుంచి దుబాయికి పోయిన ఐదుగురు కార్మికులు ఒక హత్య కేసులో 18 సంవత్సరాలు జైలులో వుండి, 2024లో ఇల్లు చేరారు. మృతుని కుటుంబం నేపాల్‌లో. వారికి పరిహారం చేర్చి క్షమాపత్రం తెచ్చిన తర్వాత కూడా విడుదలకు ఏళ్ళు పట్టింది. కేసు మంచిచెడ్డలు ఇక్కడ మా విషయం కాదు. పరాయి దేశంలో భాష రాని కూలీకి న్యాయవాది ఎవరు, అరబ్బీ కాగితం చదివి చెప్పేది ఎవరు, ఆ 18 ఏండ్లు ఇంటి పొయ్యి ఎట్లా వెలిగింది అన్నది మా విషయం.

అమెరికా దారి పూలబాట కాదు గాని...

"అమెరికాలో వున్నవాళ్ళు మాత్రం సుఖపడుతున్నారా?" అని కొందరు పాఠకులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఈనాడు అక్కడికి పోయినవారంతా దొరల బిడ్డలు కారు. అంబేద్కర్ విదేశీ విద్యానిధి వంటి పథకాలతో, వున్న రెండెకరాలు అమ్మిన డబ్బుతో పోయిన బహుజన బిడ్డలు కూడా వున్నారు. వాళ్ళకు అప్పు మెడ మీద కత్తి. హెచ్-1బి మీద వున్నవాని వుద్యోగం పోతే 60 రోజుల్లో మరొకటి వెతుక్కోవాలి. గ్రీన్‌కార్డులు ఏ ఒక్క దేశంవారికీ 7 శాతం మించి ఇవ్వరాదన్న నిబంధన వల్ల మనవాళ్ళు ఏండ్ల తరబడి వరుసలో నిలబడి వున్నారు. ఈలోగా పిల్లలకు 21 నిండితే వాళ్ళ వీసా కథ మళ్ళీ మొదటికి వస్తుంది. 2015 మే నెల వరకు హెచ్-4 వీసా మీద పోయిన భార్యలకు వుద్యోగం చేసే హక్కే లేదు. ఆ తర్వాత కూడా కొందరికే. 2025 సెప్టెంబరులో ట్రంపు ప్రభుత్వం బయటి నుంచి తెప్పించే కొత్త హెచ్-1బి వుద్యోగి తలకు లక్ష డాలర్ల రుసుము విధించింది. యజమానికి కట్టివేయడం అన్నది కఫాలాలో వుంది, హెచ్-1బిలోనూ వుంది. పెట్టుబడికి పని చేసే చేతులు కావాలి; ఆ చేతుల వెనుక వున్న మనిషి, అతని సంసారం మాత్రం బరువు.

అయినా రెండూ ఒకటి కావు. హెచ్-1బి కష్టాల్లో కూడా భార్యాబిడ్డలు పక్కన వుంటారు. పౌరసత్వం వచ్చినవాడు తల్లిదండ్రులను సైతం కోటా అడ్డు లేకుండా పిలిపించుకోవచ్చు. గల్ఫు కూలీకి ఎన్నేళ్ళు చేసినా పౌరసత్వం అన్న ఆశ లేదు. సత్తువ వున్నన్ని నాళ్ళు పని, తర్వాత విమానం టికెట్టు. ఒక వలస కుటుంబాన్ని తీసుకుపోతుంది. రెండో వలస కుటుంబాన్ని చీలుస్తుంది.

మన ప్రభుత్వాల తూకం కూడా ఇలాగే వుంది. 2003 నుంచి జనవరి 9న ప్రవాసీ భారతీయ దివస్ జరుపుతున్నారు. 2005 నుంచి విదేశీ పౌరసత్వం తీసుకున్నవారికి ఓ.సి.ఐ. కార్డులు ఇచ్చి జీవితకాలం రాకపోకలకు వీలు కల్పించారు. గల్ఫు కార్మికుడు భారత పౌరుడుగానే పుట్టి భారత పౌరుడుగానే చస్తాడు. అతనికి 2010 చట్ట సవరణతో ఓటుహక్కు ఇచ్చారు. కాని సొంత వూరికి వచ్చి వేయాలట! రిజర్వు బ్యాంకు సర్వే ప్రకారం 2023-24లో విదేశాల నుంచి మన దేశానికి వచ్చిన సొమ్ములో సుమారు 38 శాతం గల్ఫు దేశాల నుంచి వచ్చింది. సుమారు 28 శాతం అమెరికా నుంచి వచ్చింది. సొమ్ము రెండు చోట్ల నుంచీ వస్తున్నది. గౌరవం ఒక చోటికే పోతున్నది.

చావులో కూడా తేడాయేనా?

శంషాబాదు విమానాశ్రయానికి పెట్టెలో వచ్చిన శవాన్ని వూరికి చేర్చడానికి ప్రభుత్వం అంబులెన్సు ఇస్తున్నది. మంచిదే. తర్వాత?

అనుమతి తీసుకొని పోయినవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల బీమా వున్నది. రెండేళ్ళకు కిస్తీ 275 రూపాయలు, మూడేళ్ళకు 375. కాని అది ప్రమాదంలో పోతేనే. ఎండదెబ్బకు గుండె ఆగి, నిద్రలోనే పోయినవాని కాగితం మీద "సహజ మరణం" అని రాస్తారు, బీమా రాదు. 50 డిగ్రీల ఎండలో పనిచేసిన ముప్పై అయిదేండ్ల మనిషి నిద్రలో పోవడం ఏ విధంగా సహజం?

సంఘాలు ఏండ్ల తరబడి అడిగిన మీదట 2024 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వం, 2023 డిసెంబరు 7 తర్వాత గల్ఫులో మరణించినవారి కుటుంబాలకు 5 లక్షలు ఇస్తామని వుత్తర్వు ఇచ్చింది. ఇది పోరాటం ఇచ్చిన ఫలితం. కాని ఆ తేదీకి ముందు భర్తను పోగొట్టుకున్న ఆడబిడ్డలు ఏం పాపం చేశారు?

మళ్ళీ మడి దగ్గరికి

ఇన్ని దేశాలు తిరిగి మళ్ళీ ఆ మడి దగ్గరికే రావాలి. ఎందుకంటే తేడాకు మూలం అక్కడే వున్నది.

2018లో రైతుబంధు వచ్చింది. 2025 జనవరి నుంచి రైతు భరోసా అన్నారు, ఎకరాకు ఏడాదికి 12,000. 2023 ఎన్నికల వాగ్దానాల్లో కౌలుదారుల పేరు కూడా వుండింది. అమలుకు వచ్చేసరికి పట్టా వున్నవానికే దక్కింది. 20 ఎకరాల ఆసామికి లెక్క ప్రకారం ఏడాదికి 2,40,000. అతను అమెరికాలో కొడుకు దగ్గర వున్నా సరే, ఖాతాలో పడుతుంది. ఆ భూమినే దున్నే కౌలుదారుకు ఏమీ లేదు. పైగా కౌలు ముందే కట్టాలి. 2018లో వచ్చిన రైతు బీమా కూడా పట్టా పేరు చూసే ఇస్తారు. కౌలుదారులకు గుర్తింపు కార్డులు ఇవ్వాలని 2011లో చేసిన చట్టం వున్నది. దాన్ని తెలంగాణలో అటక మీద పెట్టారు. కౌలు గిట్టదు. గిట్టకనే కొడుకు గల్ఫు పోయాడు.

ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. దాన్ని నమ్ముకొని చెరకు వేసిన కోరుట్ల, మెట్‌పల్లి రైతులు ఇతర పంటలకు మళ్ళారు. కొందరు పాస్‌పోర్టు ఆఫీసుకు మళ్ళారు. వూళ్ళో పని పోతే మనిషి పోతాడు. ఆ పోయిన మనిషి స్థానంలో, తన వూళ్ళో ఇంకా తక్కువ కూలి దొరికే బీహారు మనిషి వస్తాడు.

ఆ బీహారు కూలీ గురించి కూడా ఒక మాట. "వీళ్ళు వచ్చి మన కూలి పోగొడుతున్నారు" అని అక్కడక్కడ అంటున్నారు. ఇదే మాట మనవాళ్ళ గురించి బొంబాయిలో అన్నారు, ఇప్పుడు అమెరికాలో అంటున్నారు. వాళ్ళూ ఆలుబిడ్డల్ని వదిలి వచ్చినవాళ్ళే, కొట్టంలోనో, మోటారు గదిలోనో పడుకుంటున్నవాళ్ళే. ఎకరాకు గుత్త మాట్లాడుకొని మేస్త్రీ మధ్యలో ఎంత మిగుల్చుకుంటున్నాడో వాళ్ళకే తెలియదు. మన బిడ్డకు కఫీల్ చేస్తే అన్యాయం, మనం బీహారు బిడ్డకు చేస్తే న్యాయమా?

ఏం కావాలి?

1983 చట్టం మార్చాలని 2019లో ఒక ముసాయిదా, 2021లో ఒకటి, 2025 అక్టోబరులో మరొకటి కేంద్రం బయట పెట్టింది. ముసాయిదాలు ఎవరి కోసం అన్నది మనం అడగాలి. మా అభిప్రాయంలో కావలసినవి ఇవి.

విదేశీ చదువుకు ఇచ్చినట్టే, గల్ఫు కూలీకి కూడా తక్కువ వడ్డీకి బ్యాంకు అప్పు దొరకాలి. అసలు నియామకపు ఖర్చు యజమానే భరించాలి. సబ్ ఏజెంటును మండల స్థాయిలోనే పట్టుకునే అధికారి వుండాలి. బీమా అన్ని రకాల మరణాలకూ వర్తించాలి. 2023 డిసెంబరుకు ముందు మరణించినవారి కుటుంబాలకు కూడా 5 లక్షలు ఇవ్వాలి. వున్నచోటి నుంచే ఓటు వేసే వీలు కావాలి. గల్ఫు దేశాలతో ఒప్పందాలు చేసుకునేటప్పుడు చమురు, వ్యాపారంతోపాటు కార్మికుని కుటుంబ హక్కు గురించి కూడా ప్రభుత్వం నోరు విప్పాలి. కౌలుదారుకు గుర్తింపు కార్డు, దున్నేవానికే రైతు భరోసా ఇవ్వాలి. వలస వచ్చిన కూలీకి ఇక్కడి కూలి రేటు, తలదాచుకునే చోటు, రేషను దక్కాలి.

ఇవేవీ దరఖాస్తుతో రావు. 2021లో సర్క్యులర్లు రద్దు కావడం, 2024లో 5 లక్షల వుత్తర్వు రావడం రెండూ గొంతు కలిపి అడిగితేనే జరిగినవి. గల్ఫు బాధితుల సంఘం ఒక వైపు, కౌలు రైతుల సంఘం ఇంకో వైపు, బీడీ కార్మికుల సంఘం మరో వైపు వుంటే బలం చీలిపోతుంది. నిజానికి వీరంతా ఒకే ఇంటివాళ్ళు: కొడుకు గల్ఫులో, తండ్రి కౌలు మడిలో, కోడలు బీడీల చాట ముందు. ఒకే ఇంట్లో వున్న ముగ్గురిని మూడు సంఘాలు వేర్వేరుగా పిలవడం మాని, ఆ ఇంటిని ఒకటిగా పిలవవలసిన రోజు వచ్చింది. పెగడపల్లి మండలంలో ఆ పని ఈ నాట్లలోనే, ఆ మడి గట్టు మీదనే, నాటు వేస్తున్న బీహారు కూలీని కూడా పిలిచి మొదలు పెట్టవచ్చు.